కడగకూడని అచ్చులు

కొత్తగా సహాయ పనుల్లోకి వచ్చే పిల్లలు నన్ను అడిగే మొదటి ప్రశ్న ఎప్పుడూ ఒకటే. "అమ్మా, వరద ఊరికి పోయేటప్పుడు ఏమేం తీస్కపోవాలె?" తాడు, టార్చిలైటు, ఉప్పు, అగ్గిపెట్టెలు, ఆడవాళ్లకు ఉతికిన పాత చీరలు అని చెబుతాను. బుద్ధిగా రాసుకుంటారు. రెండో ప్రశ్న మాత్రం ఇంతవరకు ఒక్కరూ అడగలేదు. "అక్కడ ఏం ముట్టుకోవద్దు?" అని. ఎవరూ అడగని ఆ ప్రశ్నకు జవాబు చెప్పడానికే ఈ కాగితాలు.

నా పేరు మార్తమ్మ. మాది జగిత్యాల. మా అమ్మ మిషన్ ఆసుపత్రిలో ఆయాగా చేసింది. నేను నర్సు చదువు సగంలో వదిలేసి చర్చి సేవా విభాగంలో చేరాను, అందులోనే ముసలిదాన్నయ్యాను. ఎప్పుడు ఏ హోదా వచ్చిందో, ఎవరు శాలువా కప్పారో రాయను. అవి నాకే గుర్తులేవు. చేసిన పని గుర్తుంది. దాన్ని తలుచుకుంటే ఇప్పటికీ ఛాతీ ఉప్పొంగుతుంది, ఆ మాట దాచుకోను. ఒక్క చోట మాత్రం తల దించుకోవాల్సి వచ్చింది. విచిత్రం ఏమిటంటే, అన్నిటికన్నా గర్వపడేది కూడా ఆ చోటును గురించే.

మేమెవరం

మనది సముద్రం లేని నేల. అయినా తుఫాను మనల్ని వదలదు. కోస్తాలో చెట్లు కూల్చి, బలం తగ్గి మన దిక్కు వచ్చి, మూడు రోజులు ఆగకుండా కురుస్తుంది. వాగులు పొంగుతాయి, చెరువులు తెగుతాయి. పేపర్లో కోస్తా ఫొటోలు వస్తాయి, మన ఊళ్లవి రావు. అందుకని మన ఊళ్లకు మేమే పోయేవాళ్లం.

మేమంటే ఎవరో గొప్పవాళ్లు అనుకోకండి. జగిత్యాల చర్చి నుంచి ఇద్దరు టీచర్లు, ఒక కాంపౌండరు, కాలేజీ చదువుతున్న అయిదారుగురు. కోరుట్ల చర్చి నుంచి బీడీలు చుట్టే ఆడవాళ్లు. మాలో చాలామంది మాల, మాదిగ వాడల నుంచి వచ్చినవాళ్లం. మా అమ్మమ్మలకు ఇతరుల ఇళ్లలో గడప దాటే హక్కు ఉండేది కాదు. నీళ్లు కావాలంటే దోసిలి పట్టి దూరంగా నిలబడేవాళ్లు. అలాంటి ఇళ్లలోకి మేము పారలు, చీపుర్లు పట్టుకొని పోయి బురద ఎత్తిపోసేవాళ్లం. అందులో సేవ ఎంత ఉందో, పంతం ఎంత ఉందో దేవుడికే తెలుసు.

ఉద్యోగంలో చేరిన కొత్తలో కోరుట్ల దగ్గర ఒక వాడ మునిగింది. అందరికీ బియ్యం, దుప్పట్లు ఇచ్చాం. ఒక ముస్లిం ఆమె దుప్పటి తీసుకోలేదు. తడిసి ముద్దయిన ఉత్తరాల కట్ట ఒకటి చేతిలో పట్టుకొని కూర్చుంది. భర్త దుబాయిలో ఉన్నాడు, అతని అడ్రసు ఆ ఉత్తరాల్లోనే ఉంది. అది పోతే భర్త పోయినట్టే ఆమెకు. మా లారీ డ్రైవరు హమీద్ భాయికి ఉర్దూ చదవడం వచ్చు. ఇద్దరం కూర్చొని ఒక్కో కాగితం విడదీసి, వెచ్చని పెంకు మీద ఆరబెట్టి, నాలుగు ఉత్తరాల్లో మిగిలిన ముక్కలు కలిపి ఒక అడ్రసు కూడబెట్టాం. రోజంతా పట్టింది. రెండు నెలలకు అతని జవాబు వచ్చిందని ఆమె మా చర్చి దాకా వచ్చి చెప్పి పోయింది.

ఆ రోజు నుంచి నాకు కళ్లు నెత్తికెక్కాయి. ఎవరికి ఏం కావాలో చూడగానే తెలిసిపోతుందని అనుకునేదాన్ని.

బియ్యం ఎక్కడ దించాలి

ఇక అసలు సంగతికి వస్తాను. అవి అన్నల రోజులు, నక్సలైట్లను జనం అలాగే పిలిచేవాళ్లు. ఊళ్లలో వాళ్ల మాట నడిచేది, రోడ్ల మీద పోలీసుల మాట నడిచేది. మధ్యలో మాలాంటివాళ్లం అడకత్తెరలో పోకచెక్కలం. ముస్తాబాద్ దిక్కు ఒక ఊరి చెరువు తెగిందని కబురు వస్తే నలభై బస్తాల బియ్యంతో బయలుదేరాం.

మా పైన దానియేలు అయ్యగారు ఉండేవారు. పాస్టరు. మనిషి సన్నగా, మాట ఇంకా సన్నగా ఉండేది. ఊరి మొదట్లో లారీ ఆపి నాతో అన్నారు: "మార్తమ్మా, దొర పట్నం వెళ్లిపోయిండు. గడీ ఖాళీగ ఉన్నది, తాళం ఇస్తమంటున్నరు. బడిల పోలీసు క్యాంపు ఉన్నది, అక్కడ దింపుకోమంటున్నరు. నువ్వేమంటవ్?"

"గడీ మంచిది అయ్యగారూ. తడవదు" అన్నాను.

"తడవదు గానీ కాలుతది" అన్నారు ఆయన నవ్వకుండా. "గడీల పెడితే దొర బియ్యమైతది. బడిల పెడితే పోలీసు బియ్యమైతది. లారీల్నే ఉండనియ్యి. లారీ మీదికెల్లే పంచుదాం."

హమీద్ భాయి ఆ లారీలోనే పడుకొని కాపలా కాశాడు. అయ్యగారి ఇంకో నియమం ఏమిటంటే, ఎవరి పేర్లూ కాగితం మీద రాయకూడదు. సాయం పుచ్చుకున్నవాళ్ల జాబితా ఎవరి జేబులో దొరికితే దానికి ఎవరు ఏ అర్థం చెబుతారో తెలియదు. చీటీ మీద చర్చి ముద్ర వేసి ఇవ్వడం, బియ్యం ఇచ్చి చీటీ చించెయ్యడం, అంతే. మీకు ఇప్పుడు ఇది చాదస్తంగా కనిపించవచ్చు. అప్పట్లో అది మనుషుల ప్రాణాలు కాపాడిన చాదస్తం.

అద్దంలా చెయ్యాలనుకున్నాను

ఆ ఊళ్లో పద్మశాలీల వాడ వాగు పక్కన పల్లంలో ఉంది. పద్నాలుగు ఇళ్లు, ఇంటికో గుంత మగ్గం. నేలలో తవ్విన గుంతలో కాళ్లు పెట్టి కూర్చొని నేస్తారు. ఆ గుంతలన్నీ బురదతో నిండిపోయాయి. ఆ రోజు మగవాళ్లంతా తెగిన కట్టకు మట్టి పోయడానికి పోయారు. ఆడవాళ్లు చీటీలు పట్టుకొని లారీ దగ్గర వరసలో నిలబడ్డారు. వాడ ఖాళీ.

"వాళ్లు తిరిగొచ్చేసరికి ఇండ్లు అద్దంలెక్క ఉండాలె" అని మావాళ్లతో చెప్పాను. మా అమ్మ పెంపకం అది. మిషన్ ఆసుపత్రిలో ఆయాలకు శుభ్రం అంటే సగం వేదవాక్యం. అందరం ఇళ్లలోకి దిగాం. గుంతల్లో బురద తోడాం, గోడలు కడిగాం, చచ్చిన కోళ్లను పూడ్చాం. ఇంతవరకు మంచి పనే.

ప్రతి ఇంట్లో వాసాలకు ఒక వస్తువు కట్టి ఉంది. సన్నని పుల్లలతో దువ్వెనలా చేసిన పొడుగాటి చట్రం, దాని వెనక నూలుతో అల్లిన కళ్లు, వాటన్నిటిలోంచి జానెడు పొడుగున వేలాడుతున్న వేల దారాలు. దాన్ని అచ్చు అంటారని నాకు అప్పటికే తెలుసు. నీళ్లు చిమ్మి ఆ దారాలన్నీ బురదపట్టి అట్టకట్టాయి. ఒకటి చేతిలోకి తీసుకొని చూసి, "ఈ పీలికలన్నీ కోసి పారేసి, అచ్చులను సోడాతోని కడగండి" అన్నాను. ఎవరినైనా అడగాలని నాకు తోచలేదు. కత్తెరలతో కోశాం, మిగిలినవి గుంజాం, కడిగాం, పద్నాలుగు అచ్చులనూ గోడ వెంట వరసగా ఎండకు నిలబెట్టాం. తెల్లగా మెరుస్తుంటే చూసుకొని మురిసిపోయాను.

వరసలోంచి ముందుగా తిరిగొచ్చింది లచ్చవ్వ. డెబ్బై ఏళ్లు ఉంటాయి, చూపు సగమే ఆనేది. నా చేతిలో ఇంకా ఆఖరి అచ్చు ఉంది, గుడ్డతో తుడుస్తున్నాను. ఆమె దగ్గరికి వచ్చి, దాన్ని వేళ్లతో తడిమి, "చెయ్యి తియ్!" అని అరిచింది. ఆ అరుపుకు వాడలో కాకులు లేచాయి.

"ఎవ్వలు తీసిన్రే మా కొసలు?"

"అవ్వా, మురికి పట్టినయ్. మంచిగ కడిగినం" అన్నాను.

"మురికి గాదే అది! గది మా నోటికాడి బువ్వ" అని అక్కడే నేల మీద కూలబడింది.

లచ్చవ్వ కొడుకు రాజేశం కట్ట మీద నుంచి వచ్చాక అసలు విషయం చెప్పాడు. ముప్పై ఏళ్ల మనిషి, కోపం వస్తే గొంతు తగ్గించే రకం. "అక్కా, ఒక పడుగు, గదే నిలువు పోగుల చుట్ట, నేసుడు అయిపోతే మేము పోగులు గుంజెయ్యం. జానెడు కొస అచ్చుల్నే ఇడిసిపెడ్తం. కొత్త పడుగు తెచ్చినప్పుడు గా కొసలకు ఒక్కొక్క పోగు ముడేసి ముంగటికి గుంజుకుంటం. కొస ఉంటే రెండు దినాలల్ల మగ్గం నడుస్తది. కొస లేకుంటే రెండు వేల పైచిలుకు పోగులు మల్ల మొదటికెల్లి ఒక్కొక్క కంట్లకెల్లి గుచ్చాలె. నా అచ్చుల పోగులు మా నాయిన గుచ్చినయ్. ఆయిన పోయి పన్నెండేండ్లాయె. అప్పటి సంది తెగలే."

వాగు నీళ్లు ఇంట్లోకి వచ్చినప్పుడు ఆ వాడవాళ్లు బియ్యం కుండలు వదిలేసి, ముందు అచ్చులను వాసాలకు ఎత్తి కట్టారట. వరద తీసుకుపోలేనిదాన్ని మేము సోడాతో కడిగి తీసుకుపోయాం.

పద్నాలుగు గడపలు

చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, సిరిసిల్ల నుంచి కొత్త అచ్చులు తెప్పిస్తాను అన్నాను. రాజేశం నవ్వాడు. "కొత్తది గూడ ఖాళీగనే ఉంటది గదక్కా."

అసలు గండం వేరే ఉంది. వాళ్లకు నూలు ఇచ్చేది సిరిసిల్ల సేటు. ఆయన గుమాస్తా వచ్చే వారం అంగడి దాటి ఆపై వారం అంగడి రోజున నూలు తీసుకొని వస్తాడు. అచ్చు సిద్ధంగా ఉన్న ఇంటికే నూలు, లేని ఇంటి నూలు ఇంకో ఊరికి పోతుంది. నూలు రాకపోతే మర మగ్గాల కూలికి మహారాష్ట్రలోని భివండి పోవడమే. రాజేశం ఇంట్లో అప్పటికే ఒక మూట కట్టి మూలకు పెట్టి ఉంది. "అంగడి నాటికి నా అచ్చు సర్దుకుంటే ఉంట. లేకుంటే గదే దినం బస్సెక్కుత" అన్నాడు. పోతే అమ్మను ఎక్కడ వదలాలో అతనికే తెలియదు. భివండి గదుల్లో పదిమంది మగవాళ్ల మధ్య సగం చూపు ముసలమ్మకు చోటెక్కడిది?

అయ్యగారికి చెప్పాను. తిడతారనుకున్నాను. అందరం ప్రార్థన చేద్దామా అని అడిగాను.

"సాయంత్రం చేద్దాం. ముందు పద్నాలుగు గడపలు తిరిగి తప్పు ఒప్పుకొని రా."

"మీరు గూడ వస్తరా?"

"నేనొస్తే అది చర్చి మాటయితది. తప్పు జేసింది నువ్వు. నీ నోటితోని నువ్వే చెప్పాలె."

తిరిగాను. ఒక ఇంట్లో మొహం మీదే తలుపు వేశారు. ఒక ఇంట్లో మంచినీళ్లిచ్చారు. ఒకాయన నా పుట్టుక, నా కులం ఎత్తి తిట్టాడు. తిట్టనిచ్చాను. ఆ వాడలో ఆ మాట ఆయన ఒక్కడే అన్నాడని మాత్రం రాసి పెడుతున్నాను. నా కింద పనిచేసినవాళ్లలో చాలామంది నాకన్నా తెలివైనవాళ్లు, కానీ చేసిన తప్పు గడప గడపకూ తిరిగి చెప్పగలిగినవాళ్లు ముగ్గురో నలుగురో. ఈ పనికి మొదటి అర్హత అదేనని నా అభిప్రాయం.

మా సేవా విభాగం పెద్దసారు ఒకాయన సంగతి కూడా చెప్పాలి. పట్నం నుంచి జీపులో వచ్చాడు. గోడ వెంట మెరుస్తున్న అచ్చులను చూసి ముచ్చటపడి ఫొటో తీయించాడు. సంగతి చెప్పబోతే వినలేదు. ఆ ఏడాది రిపోర్టులో "పద్నాలుగు మగ్గాల శుభ్రత" అని మాకు మెచ్చుకోలు వచ్చింది. ఇన్నేళ్లలో నాకు దక్కిన పొగడ్తల్లో అంతగా కాలినది ఇంకోటి లేదు.

బీడీలు చుట్టే వేళ్లు

మరునాటి నుంచే గుచ్చే పని మొదలుపెట్టాం. లచ్చవ్వ నేర్పింది. ఒకరు అచ్చుకు వెనక కూర్చొని పోగు అందిస్తారు, ఒకరు ముందు కూర్చొని కంట్లోంచి, పుల్లల సందులోంచి లాగుతారు. తడిసి పాడైన పాత పడుగుల నుంచే జానెడు పోగులు కోసుకున్నాం. వరసలో ఒక్క పోగు తప్పితే గుడ్డ పొడుగునా చార పడుతుంది. మా టీచర్లు, కాలేజీ పిల్లలు పొద్దంతా కుస్తీ పట్టి నాలుగు వేళ్ల వెడల్పు పూర్తిచేశారు. లచ్చవ్వ కళ్లతో చూడలేదు, వేలి కొసతో తడిమింది. "గిక్కడ తప్పింది. గిక్కడ గూడ" అంటూ సగం పీకేసింది. మా లెక్కల టీచరు మొహం చూడాలి మీరు.

వాడవాళ్లలో కూడా ఆ పని చకచకా చేయగలిగినవాళ్లు లచ్చవ్వ, ఇంకో ముసలాయన మాత్రమే. మిగతావాళ్లకు వచ్చు గానీ చెయ్యి తిరగదు, ఇంట్లో ఆ పని పడే అవసరమే ఏళ్ల తరబడి రాలేదు. రోజులు చూస్తే పన్నెండు. గుచ్చాల్సినవి పద్నాలుగు.

అరుగు మీద కూర్చొని ఇదంతా చూస్తున్న హమీద్ భాయి అన్నాడు: "బహెన్, బురా మత్ మానో, తప్పు పట్టకుండ్రి. మీ సార్లతోని ఇది కాదు. దారం పని మన కోరుట్ల బీడీ ఆడోళ్లకు ఇయ్యుండ్రి. మా ఇంట్ల జూస్తలేనా, చీకట్ల గూడ ముడేస్తరు."

నా తలకు తట్టనిది లారీ డ్రైవరుకు తట్టింది. బీడీ చుట్టాక సన్నదారంతో కడతారు. రోజుకు వందల బీడీలు, వందల ముడులు. మేము వాళ్లను వంటకూ, బురద ఎత్తడానికీ మాత్రమే పిలిచేవాళ్లం. ఈసారి వంటకు ఉన్న మనుషులు చాలు అని వాళ్లను పిలవనే లేదు.

హమీద్ భాయి లారీ తీసుకొని పోయి మర్నాటికల్లా పన్నెండు మందిని తెచ్చాడు. వాళ్లకు పెద్ద రూతమ్మ. నలభై ఏళ్ల మనిషి, నోరూ చెయ్యీ రెండూ వేగమే. ఒడిలో తునికాకు చాట పెట్టుకొనే లారీ దిగింది. వారం రోజులు బీడీలు ఇవ్వకపోతే కార్ఖానా వాళ్లు మళ్లీ ఆకు ఇవ్వకపోవచ్చు. ఆ సంగతి తెలిసే వచ్చారు. "నడుమ నడుమ చుట్టుకుంటం తియ్యి మార్తక్కా. ముందుగాల నువ్వు జేసిన ఘనకార్యం సూపియ్యి" అన్నది.

లచ్చవ్వ గడప దగ్గర పన్నెండు మందీ ఆగిపోయారు. నేనూ ఆగాను. గుంతలో దిగి మగ్గం ముందు కూర్చోవాలి, అది వాళ్లకు పూజ చేసుకునే చోటు. వాడలో ఒకరిద్దరు గొణిగారు. లచ్చవ్వ రూతమ్మ చెయ్యి పట్టుకొని వేళ్లు తడిమి చూసింది. "కడుగుతందుకు ఇంట్లకు అచ్చిననాడు మీరు నన్ను అడగలే. కూడవెడ్తందుకు అచ్చిననాడు నేను మిమ్ముల అడుగుతనా? కూసో బిడ్డా" అన్నది.

ఆ మాట విన్నప్పుడు మా అమ్మమ్మ గుర్తొచ్చి నాకు ఏడుపు ఆగలేదు. రూతమ్మ మాత్రం ఏడవలేదు, దారం కొస నోట్లో తడిపి కూర్చుంది.

మొదటి రోజు సాయంత్రానికి లచ్చవ్వ తడిమి చూసి పీకేసినవి ఏడు పోగులు. రెండో రోజు రెండు. మూడో రోజు నుంచి తడమడం మానేసింది.

ఇద్దరూ అడిగిన ఒకే మాట

బియ్యం పంచి వెళ్లిపోయేవాళ్లను ఎవరూ అనుమానించరు. ఉండిపోయేవాళ్లనే అనుమానిస్తారు. ఆరో రోజు క్యాంపు నుంచి ఎస్సై వచ్చాడు. పిన్న వయసు, పెద్ద గొంతు.

"ఏందమ్మా, బియ్యం అయిపోయె, లారీ ఖాళీ ఆయె. పొద్దుందాక ఇండ్లల్ల కూసొని ఏం మీటింగులు వెడ్తున్నరు? ఎవ్వలు పంపిన్రు మిమ్ముల?"

భయపడ్డాను. ఆ రోజుల్లో ఆ ప్రశ్నకు తప్పు జవాబు చెప్పి తిరిగిరానివాళ్లున్నారు. చర్చి, సేవ, అనుమతి కాగితం అని మొదలుపెట్టి, మధ్యలో ఆపేసి నిజం చెప్పాను. "సారూ, వీళ్ల మగ్గాలు మేమే ఖరాబు జేసినం. సక్కగ జేసి పోతం." లోపలికి తీసుకుపోయి రూతమ్మ పని చూపించాను. ఆయన వంగి చూశాడు. ఒక పోగు తీసి తనే కంట్లో గుచ్చబోయాడు, మూడుసార్లు తప్పింది. "అంగడి దినం పన్నెండింటికల్ల ఊరు ఖాళీ జెయ్యాలె" అని చెప్పి పోయాడు.

రెండు రోజులకు, పొద్దు గూకే వేళ, బావి దగ్గర ఇద్దరు నిలబడి ఉన్నారు. ఊరివాళ్లు కారని, అన్నల మనుషులని చెప్పులు చూస్తేనే తెలిసింది. ఒకతను మర్యాదగానే అడిగాడు. "అక్కా, ఇన్ని దినాలు ఎందుకున్నరు? మతం చెప్తున్నరా? క్యాంపుకు ముచ్చట్లు మోస్తున్నరా?"

"రెండిటికీ తీరుబడి లేదన్నా. మగ్గాలు ఖరాబు జేసినం, బాగు జేస్తున్నం" అన్నాను.

అతను వాడ దిక్కు చూశాడు. "మా మేనత్తది గూడ సాలె మగ్గమే" అన్నాడు. ఇద్దరూ చీకటి పడకముందే పోయారు.

రెండు పక్షాలూ ఒకే మాట అడిగాయి, ఇద్దరికీ ఒకే జవాబు చెప్పగలిగాను. దాచడానికి మా దగ్గర ఏమీ లేదు, మా తప్పు ఊరంతటికీ తెలుసు కనుక. పద్నాలుగు గడపలు అయ్యగారు నన్ను ఎందుకు తిప్పారో బావి దగ్గర నిలబడ్డప్పుడు అర్థమైంది.

అంగడి రోజు

అంగడి రోజు పొద్దునకు పదకొండు అచ్చులు సిద్ధం. రెండు ఇళ్లవాళ్లు మా కోసం ఆగలేదు, నాలుగు రోజుల ముందే తలుపులకు తాళాలు వేసి భివండి బస్సెక్కారు. ఆ రెండు తాళాలు నా ఖాతాలోవి. వాటిని ఎంత మంచి పని చేసినా తుడిచెయ్యలేను, తుడిచెయ్యాలని కూడా అనుకోను.

మిగిలింది రాజేశం అచ్చు ఒక్కటే. పని నేర్పింది తన ఇంట్లోనే అయినా, "ముందుగాల వాడోళ్లయి కానీయుండ్రి, మాది కడమకు" అని లచ్చవ్వే పట్టుబట్టింది. రాజేశం మూట అరుగు మీదికి వచ్చింది. బస్సు రెండు గంటలకు.

పదకొండుకు గుమాస్తా నూలు బండితో వచ్చి, ఒక్కో ఇంట్లో అచ్చు చూసి, నూలు దింపుకుంటూ వచ్చాడు. రాజేశం ఇంటి ముందుకు వచ్చేసరికి లోపల ఇంకా నాలుగు వేళ్ల వెడల్పు ఖాళీగా ఉంది. రూతమ్మ ముందు, నేను వెనక. నావి వేళ్లు కావు, రోకళ్లు. అయినా పోగులు అందించడం వరకు నేర్చుకున్నాను.

"అయిందా, కాలేదా? నాకు ఇంక రెండూళ్లున్నయ్" అన్నాడు గుమాస్తా.

అప్పుడే ఎస్సై జీపు కూడా వచ్చి ఆగింది. "లారీ ఎక్కలేదేంది ఇంక?"

రూతమ్మ తల ఎత్తలేదు. "సారూ, నాలుగు వేళ్ల మందం ఉన్నది. గీ నడుమ లేస్తే వరస తప్పుతది. కొట్టుడుంటే అయినంక కొట్టుండ్రి" అన్నది.

నేను ఇంకో పోగు అందించాను. బయట అరుగు మీద బూట్ల చప్పుడు, కూర్చున్న చప్పుడు. "చాయ్ ఉంటదా అవ్వా?" అన్నాడు ఎస్సై. ఆయన కూర్చున్నాక గుమాస్తా మాత్రం ఎక్కడికి పోతాడు? ఆయనా కూర్చున్నాడు. పక్కన మూట, మూట పక్కన రాజేశం. లచ్చవ్వ చాయ్ పెట్టలేదు, మా వెనకే నిలబడింది. హమీద్ భాయి పెట్టి అందరికీ పోశాడు.

ఒంటిగంట దాటాక రూతమ్మ ఆఖరి పోగు లాగి చేతులు దులుపుకుంది. లచ్చవ్వ అచ్చును తలుపు దగ్గరికి వెలుతురులోకి తెప్పించింది. మూడో రోజే తడమడం మానేసిన మనిషి, ఆ అచ్చును మాత్రం ఈ చివర నుంచి ఆ చివరదాకా వేలితో తడిమింది. మొదట ఆమె పెనిమిటి గుచ్చిన అచ్చు ఇదే. మధ్యలో ఒకచోట వేలు ఆగింది. ఆమె వేలు మళ్లీ కదిలింది.

"దింపు నూలు" అన్నది గుమాస్తాతో.

రాజేశం అరుగు మీద మూట ముడి విప్పాడు. బట్టలు తీయలేదు. వాటి కింద నుంచి నాడె తీశాడు, పేక దారాన్ని అటూ ఇటూ మోసుకుపోయే చెక్క పడవ అది. దాన్ని తీసుకొని లోపలికి పోయి మగ్గం మీద పెట్టాడు.

ఇన్నేళ్ల నౌకరీలో నేను చూసిన పెద్ద పండుగ అదే. లారీ ఎక్కాక పన్నెండు మంది ఆడవాళ్లూ కోరుట్ల దాకా పాటలు పాడారు, ఒళ్లో బీడీలు చుట్టుకుంటూనే. ఇప్పటికీ ఎవరైనా మీ చర్చివాళ్లు ఏం చేశారు అని అడిగితే నేను బియ్యం బస్తాల సంగతి చెప్పను, ఆ పన్నెండు మంది పేర్లు చెబుతాను.

మేకుకు వేలాడుతున్నది

తర్వాత ఆ ఊళ్లో గుంత మగ్గాలు ఒక్కొక్కటే పోయాయి. రాజేశం సిరిసిల్లలో మర మగ్గాలకు మారాడు. లచ్చవ్వ పోయింది. ఆమె చావుకు నేను, రూతమ్మ పోయాం, ఎవరూ మమ్మల్ని గడప బయట నిలబెట్టలేదు.

నేను రిటైరైన రోజున జగిత్యాల చర్చికి రాజేశం వచ్చాడు. తువ్వాలలో చుట్టిన పొడుగాటి వస్తువు ఒకటి నా చేతిలో పెట్టాడు. విప్పితే అచ్చు. జానెడు కొసలు అలాగే ఉన్నాయి. "అక్కా, ఆనాడు మీరు గుచ్చిన కొసకే ముడేసి, దానికి మల్ల ముడేసి, ఆఖరి పడుగు దాకా నేసిన. నడుమ ఒక్కపారి గూడ తెగలే. కొసలు తియ్యకుండ మార్తకే ఇయ్యిమని అవ్వ చెప్పి పోయింది" అన్నాడు.

దాన్ని మా ముందు గదిలో మేకుకు తగిలించాను. మొన్న ఇల్లు దులుపుతూ మా కోడలు దాన్ని కిందికి దించింది. మా ఇంటి అలవాటే, శుభ్రం ఎక్కువ. చేతిలో కత్తెర కూడా ఉంది. "అత్తమ్మా, దీని నిండ దుమ్మున్నది. ఈ దారాలు కోసేసి మంచిగ కడిగి పెట్టన్నా?" అన్నది.

"చెయ్యి తియ్!" అని అరిచాను.

పాపం, పిల్ల బిత్తరపోయింది. ఆ గొంతు నాది కాదని ఆమెకెలా తెలుస్తుంది? పక్కన కూర్చోబెట్టుకొని, ఆ కొసల మీద ఆమె వేళ్లు పెట్టించి, మీకు చెప్పిందంతా చెప్పాను. విని, కత్తెర లోపల పెట్టి వచ్చి, పొడిగుడ్డతో చట్రం మాత్రం తుడిచి, దారాలను ముట్టకుండా మళ్లీ మేకుకు తగిలించింది.